సరస్సు ఒడ్డు ఊరికీ, సముద్రం ఒడ్డు ఊరికీ ఒకే మురుగునీటి ప్లాంటు డిజైన్ సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ పురపాలక సంఘం కింద రెండు చిన్న ఊళ్ళున్నాయి. ఒకటి సరస్సు ఒడ్డున, జనాభా సుమారు 4,000. రెండోది సముద్రం ఒడ్డున, జనాభా 6,000. సెలవుల్లో అది రెట్టింపవుతుంది. రెండు చోట్లా మురుగునీటి శుద్ధి ప్లాంటు కట్టాలి. కన్సల్టెంటు ఒకే డిజైన్ ఇచ్చి సైజు మాత్రం మార్చారు. "శుద్ధి చేసిన నీటిలో బీఓడీ 10 లోపే ఉంటుందని హామీ ఇస్తున్నారు, అది చాలదా? నేను ఇంజనీరును కాదు, కమిటీ సభ్యుడిగా సంతకం పెట్టాల్సినవాణ్ణి" అని రాశారు.

చాలదండి. ఇప్పుడే సంతకం పెట్టకండి. ట్యాంకులు, బ్లోయర్లు (గాలి ఊదే యంత్రాలు) రెండు చోట్లా ఒకేలా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. కానీ సరస్సు దగ్గర మీరు పట్టుకోవలసింది భాస్వరం. సముద్రం దగ్గర పట్టుకోవలసినవి నత్రజని, రోగక్రిములు. వాటికంటే ముందు, పైపుల్లోకి చడీచప్పుడు లేకుండా వచ్చి చేరే ఉప్పునీరు. బీఓడీ అంకె వీటిలో దేని గురించీ చెప్పదు. రెండు ఊళ్ళ మురుగు ఒకలాంటిదే కావచ్చు. ఆ నీటిని తీసుకునే చోటు వేరు. డిజైన్ అక్కడి నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి.

ఇరవై ఏళ్ళకు పైగా ఇలాంటి చిన్న ప్లాంట్లలోనే పనిచేశాను. మొదట షిఫ్ట్ ఆపరేటర్‌గా, తర్వాత చెడిపోయిన ప్లాంట్లను దారిలో పెట్టే పనిలో. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు బీఓడీ సంగతి. నీటిలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులు (సాధారణంగా ఐదు రోజుల పరీక్షలో) ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో అదే బీఓడీ, లీటరుకు మిల్లీగ్రాముల్లో. అది ఎక్కువుంటే నీళ్ళు కుళ్ళి కంపు కొడతాయి, చేపలకు ఊపిరాడదు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు యాక్టివేటెడ్ స్లడ్జ్ (గాలి ఊది పెంచిన సూక్ష్మజీవుల బురదతో మురుగును శుద్ధి చేసే) పద్ధతిని ప్రకటించినప్పుడు ఊళ్ళను పీడిస్తున్న సమస్య అదే. ఇవాళ మీ కన్సల్టెంటు ఇచ్చిన డిజైన్ కూడా దాని వారసత్వమే. ఆ పనిని అది చక్కగా చేస్తుంది. కానీ మురుగులో ఉన్న భాస్వరంలో సూక్ష్మజీవులు తమ ఒంటికి కావలసినంతే తీసుకుంటాయి. మిగిలింది తేటగా, వాసన లేకుండా, కంటికి కనబడకుండా బయటికి పోతుంది.

లెక్క చూడండి. ఒక మనిషి నుంచి రోజుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల భాస్వరం మురుగులోకి వస్తుంది. 4,000 మందికి 6 నుంచి 8 కిలోలు. మామూలు ప్లాంటు అందులో పావు వంతో, మూడో వంతో ఆపుతుంది. అంటే రోజూ 4 నుంచి 6 కిలోలు సరస్సులోకి. ఒక కిలో భాస్వరంతో ఎండు బరువులో 100 కిలోలకు పైగా నాచు పెరగగలదు. సరస్సు నీటిలో లీటరుకు 0.03 మిల్లీగ్రాముల భాస్వరం దాటితేనే పచ్చబడే లక్షణాలు మొదలవుతాయి. మామూలు ప్లాంటు నుంచి వచ్చే నీటిలో 4, 5 మిల్లీగ్రాములుంటుంది. వంద రెట్లకు పైమాట.

నేను మొదట పనిచేసిన ప్లాంటు సరస్సు ఒడ్డునే ఉండేది. మా బీఓడీ 6, 7 వచ్చేది. రిపోర్టులన్నీ పాస్. ఒక ఎండాకాలం పొద్దున చేపలు పట్టే పెద్దాయన గేటు దగ్గరికొచ్చి ఒక సీసా నా చేతిలో పెట్టాడు. రేవు దగ్గర ముంచిన నీళ్ళు. గోడ మీద పెట్టి మాట్లాడుతున్న పది నిమిషాల్లో పైన ఆకుపచ్చటి మీగడ కట్టింది. మూత తీస్తే బూజు పట్టిన గడ్డి వాసన. "మీ నీళ్ళు మంచివే అంటారు కదా, మరి ఇదేంటి నాయనా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. మేం భాస్వరం కొలవడమే లేదు. కొలవమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ సీసాను చాలా రోజులు ల్యాబ్ కిటికీలోనే ఉంచుకున్నాను.

దీనికి కారణం భాస్వరమని చూపిన ప్రసిద్ధ ప్రయోగం ఒకటుంది. 1973లో కెనడాలోని ఒంటారియోలో 226 అనే నంబరున్న ఒక చిన్న సరస్సును శాస్త్రవేత్తలు ప్లాస్టిక్ తెరతో రెండుగా విడదీశారు. ఒక వైపు కార్బన్, నత్రజని వేశారు. రెండో వైపు ఆ రెంటితో పాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం వేసిన సగం చిక్కటి ఆకుపచ్చగా మారింది, రెండో సగం తేటగానే ఉండిపోయింది. డేవిడ్ షిండ్లర్ బృందం తీసిన ఆ విమానం ఫొటో మీ కమిటీలో ప్రతి ఒక్కరూ చూడాలి.

మీ కేసుకు ఇంకా దగ్గరిది అమెరికాలో సియాటిల్ నగరం పక్కన ఉన్న వాషింగ్టన్ సరస్సు. దాని చుట్టూ ఉన్న ఊళ్ళ ప్లాంట్లు మురుగును ఊరికే వదల్లేదు. రెండో దశ వరకు శుద్ధి చేసే వదిలేవి. అంటే మీ కన్సల్టెంటు ఇప్పుడు హామీ ఇస్తున్న రకం శుద్ధి. అయినా 1950లలో నాచు విజృంభించింది. 1963 నుంచి 1968 మధ్య ఆ నీటినంతా సరస్సు నుంచి తప్పించి, ఆటుపోట్లతో బాగా కలిసిపోయే ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలోకి మళ్ళించారు. 1960ల మొదట్లో నీటిలోకి మీటరు లోతుకు మించి కనబడేది కాదు. 1970ల రెండో భాగానికి ఆరేడు మీటర్ల లోతు వరకు కనబడింది. సరస్సును చంపుతున్న నీటినే సముద్రం తట్టుకుంది. మీ రెండు ఊళ్ళకూ ఒకే డిజైన్ ఎందుకు కుదరదో ఇంతకంటే బాగా నేను చెప్పలేను. అలాగని సముద్రంలో ఏది వదిలినా ఫరవాలేదని మాత్రం కాదు. దాని సంగతి కింద రాస్తాను.

సరస్సు ఒడ్డున ఏం చేయాలి

చిన్న ప్లాంటులో భాస్వరం తీయడానికి నమ్మకమైన దారి ఫెర్రిక్ క్లోరైడ్ గానీ పటిక గానీ కలపడం. భాస్వరం ఇనుముతోనో అల్యూమినియంతోనో కలిసి గడ్డకట్టి స్లడ్జ్‌తో అడుక్కి దిగిపోతుంది. సూక్ష్మజీవులతోనే ఎక్కువ భాస్వరం తినిపించే పద్ధతీ ఉంది. అది బాగుంటుంది, కానీ వచ్చే మురుగు రోజురోజుకీ మారే చిన్న ఊళ్ళో అదొక్కదాన్నే నమ్ముకుని నేను నిద్రపోలేను. పక్కన రసాయనం డోసింగ్ పంపు ఉండాల్సిందే.

మోతాదు విషయం. కాగితం మీద ఒక కిలో భాస్వరానికి 1.8 కిలోల ఇనుము చాలు. ఆచరణలో దానికి ఒకటిన్నర, రెండు రెట్లు పడుతుంది. ఎంత తక్కువకు దించాలంటే అంత ఎక్కువ.

ఇక్కడ కన్సల్టెంట్లు తరచూ వదిలేసే విషయం అల్కలినిటీ, అంటే ఆమ్లం పెరిగినా పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం. సరస్సు ఒడ్డు ఊళ్ళలో చాలాచోట్ల నీళ్ళు మెత్తటివి, లవణాలు తక్కువ. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఒక్కో మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి 7 మిల్లీగ్రాములకు పైగా అల్కలినిటీ తినేస్తాయి. మురుగులో 35 మిల్లీగ్రాములుంటే 250 పోయినట్టే. దాని మీద ఫెర్రిక్ గానీ పటిక గానీ వేస్తే ఇంకొంత పోతుంది. వచ్చే నీటిలో ఉన్నదే 200 అయితే పీహెచ్ ఒక్కసారిగా పడిపోయి ఆ సూక్ష్మజీవులే పని మానేస్తాయి. బయటికి వెళ్ళే నీటిలో ఇంకా 50 నుంచి 100 మిగిలేలా చూసుకోవాలి. గాలి లేని ట్యాంకు ఒకటి ముందు పెట్టి నైట్రేట్‌ను విరగ్గొట్టిస్తే పోయినదాంట్లో దాదాపు సగం తిరిగొస్తుంది. అప్పటికీ చాలకపోతే సున్నమో, సోడా యాషో కలపాలి. డిజైన్ రిపోర్టులో అల్కలినిటీ అనే మాట ఉందో లేదో వెతకండి. లేకపోతే ఆ రిపోర్టు ఇంకెక్కడో ఊరిది.

చివర్లో ఇసుక ఫిల్టరో, గుడ్డ ఫిల్టరో తప్పనిసరి. ఎందుకంటే గడ్డకట్టిన భాస్వరం సన్నటి నలకల్లోనే ఉంటుంది. నీళ్ళు తేటగా కనబడుతున్నా లీటరుకు 10 మిల్లీగ్రాముల నలకలున్నాయంటే వాటిలోనే 0.3 వరకు భాస్వరం దాగి ఉండవచ్చు.

ఇంకొక కేసు చెబుతాను, ఇది చాలామందికి ఉపయోగపడుతుంది. ఒక సరస్సు ఒడ్డు ప్లాంటులో భాస్వరం లీటరుకు 0.8 మిల్లీగ్రాములకు దించారు. ఏళ్ళు గడిచినా రేవు దగ్గర మూల మాత్రం పచ్చగానే ఉంటోంది. నన్ను పిలిచారు. రెండు రోజులు ట్యాంకుల చుట్టూ తిరిగాను, లోపం కనబడలేదు. మూడో రోజు వాన పడింది. స్లడ్జ్ ఆరబెట్టే మళ్ళ వెనక, గడ్డిలో, చేతి మందం పైపు ఒకటి టీ డికాక్షన్ రంగు నీళ్ళు కారుస్తోంది. మళ్ళ కింద వడిసిన నీరంతా అందులోంచి తిన్నగా సరస్సులోకి పోతోంది. ఆ నీటిని కొలిస్తే భాస్వరం మామూలు మురుగు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. స్లడ్జ్ గాలి లేకుండా రోజుల తరబడి మగ్గితే తాను పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది. ప్రధాన పైపుకు ఫిల్టర్లు, మీటర్లు, రిపోర్టులు అన్నీ ఉన్నాయి. ఈ పైపు అసలు డ్రాయింగులోనే లేదు. ఆ నీటిని తిప్పి ప్లాంటు మొదటికి పంపించాం, దానికి తగ్గట్టు డోసు పెంచాం. మీ డ్రాయింగులో స్లడ్జ్ నీరు ఎక్కడికి పోతుందో వేలు పెట్టి చూపించమనండి.

ఒక హెచ్చరిక కూడా. ఇన్నాళ్ళూ మురుగు తాగిన సరస్సు మీరు ప్లాంటు కట్టిన ఏడాదే తేరుకోదు. అడుగు బురదలో పేరుకున్న భాస్వరం ఏళ్ళ తరబడి పైకి వస్తూనే ఉంటుంది, ముఖ్యంగా అడుగున ఆక్సిజన్ లేని ఎండాకాలంలో. ఇది ఊళ్ళో ముందే చెప్పి పెట్టండి. లేకపోతే రెండో ఏడు "ఇంత ఖర్చు పెట్టి ఏం లాభం" అని రసాయనం కొనడం ఆపేస్తారు. నేను అది చూశాను.

ఇంకో దారి: నీటిని అసలు సరస్సులోకే వదలకపోవడం. అమెరికాలో తాహో సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళు శుద్ధి చేసిన నీటిని కూడా పంపుచేసి పరివాహక ప్రాంతం అవతలికి పంపేస్తాయి. మీకు దగ్గర్లో సాగుకు వాడుకునే వీలుంటే దీన్ని గంభీరంగా ఆలోచించండి. ఫిల్టరు, రసాయనం, స్లడ్జ్ బాధలో చాలా భాగం తీరుతుంది.

సముద్రం ఒడ్డు ప్లాంటు: మొదట ఉప్పు

సముద్రం ఒడ్డున నేను చూసిన చెడిపోయిన ప్లాంట్లలో ఎక్కువ వాటికి రోగం ప్లాంటులో లేదు, పైపుల్లో ఉంది. మురుగు పైపులు భూగర్భజలం మట్టానికి కిందే ఉంటాయి. అతుకు పగిలినా, మ్యాన్‌హోల్ గోడ చిట్లినా పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు లోపలికి తోసుకొస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. చేతిలో పట్టే కండక్టివిటీ మీటరు చాలు, నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ దాని అంకె పెరుగుతుంది. మామూలు మురుగు 1,000 మైక్రోసీమెన్స్ చుట్టూ ఉంటుందనుకోండి. సముద్రపు నీరు 50,000. కాబట్టి సుమారుగా ప్రతి 500 పెరుగుదలకు ఒక శాతం సముద్రం మీ పైపులో ఉన్నట్టు. ఒక ఊళ్ళో ప్లాంటులో స్లడ్జ్ ప్రతి పదిహేను రోజులకూ చెదిరిపోతోంది, ఎందుకో ఎవరికీ తెలియడం లేదు. పున్నమి ముందు రోజు రాత్రి రెండు గంటలకు, ఊరంతా పడుకున్న వేళ, పంపింగ్ స్టేషన్ బావిలోకి మీటరు దించాను. 1,100 ఉండాల్సింది 6,000 చూపించింది. పది శాతం సముద్రం. పైగా కుళాయి తిప్పేవాళ్ళే లేని వేళ పంపులు ఆగకుండా తిరుగుతున్నాయి. ఒక్కో మ్యాన్‌హోల్ మూత తీసుకుంటూ తీరం వైపు నడిచాం. చివరికి దొరికింది వాన నీరు పొంగినప్పుడు బయటికి పోవడానికి పెట్టిన ఓవర్‌ఫ్లో పైపు. దాని కొస మూత గుల్లలు పట్టి సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. పోటు నీళ్ళు వెనక్కి నడిచి వస్తున్నాయి. ఆ ఒక్క మూత మార్చాక ప్లాంటు కుదుటపడింది. అప్పటికే అక్కడ రెండో ఏరేషన్ ట్యాంకు (గాలి ఊదే ట్యాంకు) కట్టడానికి అంచనాలు తయారయ్యాయి.

ఉప్పు నిలకడగా ఉంటే సూక్ష్మజీవులు అలవాటు పడతాయి. రోజుకు రెండుసార్లు ఎక్కి దిగితేనే తట్టుకోలేవు. గడ్డలు విడిపోయి నీరు మసకబారుతుంది. ఉప్పునీటిలో ఆక్సిజన్ కూడా తక్కువ కరుగుతుంది కనుక బ్లోయర్ల లెక్క మారుతుంది. సీఓడీ (మలినాన్ని రసాయనంతో కొలిచే) పరీక్ష కూడా క్లోరైడ్ వల్ల తప్పు చూపిస్తుంది. ల్యాబ్‌కు ఈ విషయం ముందే చెప్పండి.

ఇది ప్రాణాల సంగతి, దయచేసి గుర్తు పెట్టుకోండి. సముద్రపు నీటిలో లీటరుకు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉంటుంది. పైపులో నిలిచిన మురుగులో అది హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది, కుళ్ళిన గుడ్డు వాసన అదే. పైపు పైకప్పు తడి మీద ఆ వాయువు గంధకామ్లమై కాంక్రీటును తినేస్తుంది. వేలితో గీరితే సుద్దలా రాలుతుంది. అంతకంటే ఘోరం, 100 పీపీఎం (గాలిలో పదిలక్షల వంతుల్లో వంద) చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. "ఇప్పుడు వాసన పోయింది, దిగొచ్చు" అనుకున్న మనిషి బయటికి రాడు. అతన్ని కాపాడబోయి దిగిన రెండో మనిషీ రాడు. గ్యాస్ మీటరు, గాలి కొట్టే ఫ్యాను, పైన తాడు పట్టుకుని మనిషి లేకుండా ఎవరినీ ఏ బావిలోకీ దింపవద్దు. మీ టెండరులో ఈ పరికరాలు మొదటి పేజీలో ఉండాలి. పంపులను లోపలికి దిగకుండా పట్టాల మీద పైకి లాగేలా డిజైన్ చేయించండి.

ఇక నత్రజని. సముద్రతీర జలాల్లో నాచు పెరుగుదలకు సాధారణంగా కొరత పడేది నత్రజనే. అందుకే అక్కడ దాన్ని ఆపాలి. మీ తీరం తెరిచిన సముద్రమైతే కొంత వెసులుబాటు ఉంటుంది. మూసుకుపోయిన అఖాతమో, ఉప్పునీరూ మంచినీరూ కలిసే కయ్యో అయితే నత్రజని, భాస్వరం రెండూ తీయాలి. ఇందులో ఊహకు తావివ్వకండి. ఏడాది పొడవునా నీటి నమూనాలు తీయించండి.

నత్రజని మీద పనిచేసే సూక్ష్మజీవులు మందగొడి జీవులు. బీఓడీ తినేవి గంటల్లో రెట్టింపైతే ఇవి రెట్టింపవడానికి ఒక రోజు, చల్లటి నీటిలో అంతకంటే ఎక్కువ తీసుకుంటాయి. మీ సెలవుల రద్దీ ఒక్క శుక్రవారంతో మొదలవుతుంది కదా, ఆ రోజుకు ఇవి పెరగవు. కాబట్టి రద్దీకి మూడు నాలుగు వారాల ముందు నుంచే స్లడ్జ్ తీయడం తగ్గించి ఈ సూక్ష్మజీవుల సంఖ్యను పెంచుకోవాలి. ట్యాంకులను రెండు వరుసలుగా కట్టి, మామూలు రోజుల్లో ఒకటే నడుపుకోవాలి. వచ్చే ప్రవాహాన్ని సర్దే ఒక నిల్వ ట్యాంకు, రోజు ప్రవాహంలో మూడో వంతు పట్టేంతది, ఉంటే ఆపరేటర్ ప్రాణం సగం తెరిపిన పడుతుంది. కన్సల్టెంటు సైజు లెక్కించింది సగటు జనాభాకా, సెలవుల జనాభాకా అని అడగండి. సగటుకు కట్టిన ప్లాంటు రద్దీలో పొంగుతుంది, ఖాళీ రోజుల్లో ఆకలితో మాడుతుంది.

రోగక్రిముల విషయంలో క్లోరిన్ చవక, కానీ చేపలకు విషం. సముద్రజీవులకు దీర్ఘకాలంలో లీటరుకు 7.5 మైక్రోగ్రాములు మించకూడదని అమెరికా పర్యావరణ సంస్థ 1984లోనే చెప్పింది. మైక్రోగ్రాములు, మిల్లీగ్రాములు కాదు. క్లోరిన్ వాడితే దాన్ని మళ్ళీ చంపే సోడియం బైసల్ఫైట్ తప్పనిసరి. చిన్న ప్లాంటుకు నేను యూవీ దీపాలనే సిఫారసు చేస్తాను. షరతేమిటంటే నీరు తేటగా ఉండాలి, దీపం గొట్టాలు తుడవాలి. ఫెర్రిక్ వాడే చోట గొట్టాల మీద తుప్పు రంగు పొర పడుతుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది, పని మాత్రం ఆగిపోతుంది. సముద్రం దగ్గర పరీక్ష ఈ.కోలై (మలంతో వచ్చే బాక్టీరియా) ఒక్కటే చేస్తే సరిపోదు. ఎంటిరోకాకై అనే మరో రకం మలక్రిములు ఉప్పునీటిలో ఎక్కువ కాలం బతుకుతాయి, వాటినీ లెక్కపెట్టించండి. దగ్గర్లో ఆల్చిప్పల పెంపకం ఉంటే ఇంకా కఠినంగా ఉండాలి, ఎందుకంటే అవి నీటిని వడకట్టుకుంటూ క్రిములను తమలో కూడబెట్టుకుంటాయి.

అవుట్‌ఫాల్ (శుద్ధి చేసిన నీటిని సముద్రంలోకి వదిలే పైపు) గురించి ఒక్క మాట. శుద్ధి చేసిన నీరు మంచినీరు, ఉప్పునీటి కంటే తేలిక. ఒడ్డున వదిలితే పైపైనే తేలి ఒడ్డుకే వస్తుంది. లోతుకు తీసుకెళ్ళి చిన్న చిన్న రంధ్రాల గుండా వదిలితే పైకి వచ్చే దారిలో కలిసిపోతుంది. కొసన వెనక్కి నీరు రానివ్వని రబ్బరు కవాటం పెట్టించండి.

ఏ టెక్నాలజీ అని మీరు అడగలేదు, కానీ తర్వాత అడుగుతారు. చిన్న ఊళ్ళకు నా మొదటి ఎంపిక ఆక్సిడేషన్ డిచ్. 1954లో నెదర్లాండ్స్‌లో పాస్‌వీర్ చిన్న ఊళ్ళ కోసమే దాన్ని రూపొందించాడు. గుండ్రంగా తిరిగే కాలువ, తక్కువ యంత్రాలు, తప్పులను ఓర్చుకునే గుణం. స్థలం తక్కువైతే, ఒకే ట్యాంకులో అన్ని దశలనూ వంతులవారీగా నడిపే ఎస్‌బీఆర్. కానీ దాని వాల్వులు, టైమర్లు చూసుకునే మనిషి కావాలి. మెంబ్రేన్ (అతి సన్నటి రంధ్రాల పొరతో వడకట్టే) ప్లాంటు నీరు అద్భుతంగా ఉంటుంది, మెంబ్రేన్ కడిగే మనిషి, వాటిని మార్చే బడ్జెట్ ఉన్నంత కాలం. మురుగును చెరువుల్లో రోజుల తరబడి నిలిపే పద్ధతి క్రిములను బాగా తగ్గిస్తుంది, కానీ భాస్వరాన్ని ఆపదు, పైగా తనలో పెరిగిన నాచునే బయటికి పంపుతుంది. సరస్సు ఒడ్డున వద్దు.

సముద్రం ఒడ్డున ఏదైనా సరే, కరెంటు ప్యానెళ్ళు ఉప్పుగాలి తగలని మూసిన గదిలో, తుపాను ఉప్పెన మట్టానికి పైన ఉండాలి. ప్లాంట్లు ఎప్పుడూ ఊరి పల్లంలోనే కడతారు కాబట్టి ఇది మర్చిపోతారు.

"చిన్న ఊరే కదా" అనే మాట మీ కమిటీలో వస్తుంది. యూరప్‌లో 1991 నాటి నిబంధన సున్నితమైన నీటి దగ్గర భాస్వరం, నత్రజని పరిమితులను 10,000 మందికి సమానమైన మురుగు దాటిన చోట్లకే పెట్టింది. చిన్న ఊళ్ళు వలలోంచి జారిపోయాయి. 2024లో ఆ చట్టాన్ని తిరగరాసినప్పుడు మురుగును సేకరించి శుద్ధి చేయాలన్న బాధ్యతను 1,000 మంది స్థాయికి దించారు. సరస్సుకు ఊరి సైజు తెలియదు, రోజుకు ఎన్ని కిలోలు వస్తున్నాయో అదే తెలుసు.

ఆపరేటర్ గురించి రాయకపోతే ఈ సమాధానం సగమే. రెండు ప్లాంట్లకూ కలిపి ఒక్క మనిషి అన్నారు. కుదరదు. కనీసం ఇద్దరు శిక్షణ పొందినవాళ్ళు, ఒకరు లేనప్పుడు ఇంకొకరు. చిన్న ప్లాంట్లు చెడేది చాలాసార్లు స్లడ్జ్ సకాలంలో తీయక. రోజూ పొద్దున ఒక లీటరు గాజు జాడీలో ఏరేషన్ ట్యాంకు నీరు నింపి, కదపకుండా ముప్పై నిమిషాలు వదిలేసి, బురద ఎంత మట్టానికి దిగిందో రాసుకోమనండి. పైన నీరు తేటగా ఉందా, బురద అంచు గీత గీసినట్టు ఉందా, తేలుతోందా, రంగేమిటి. ఇవన్నీ ఆ అరగంటలో కనబడతాయి. అంకె వారం రోజులుగా మెల్లగా ఎక్కుతుంటే స్లడ్జ్ తీయాల్సిన వేళయిందన్నమాట. తీయకపోతే మొదటి పెద్ద వానకు అదంతా క్లారిఫైయర్ (బురద అడుక్కి దిగే ట్యాంకు) అంచు దాటి మీ సరస్సులోకో, సముద్రంలోకో పోతుంది. నెలంతా శుద్ధి చేసింది ఒక్క రాత్రిలో పోతుంది.

మీరు ఇప్పుడు చేయాల్సింది: కన్సల్టెంటును నెల రోజులు ఆగమనండి. సరస్సు ఊళ్ళో వారం పాటు, రాత్రీ పగలూ కలిపి నమూనాలు తీయించి భాస్వరం, అమ్మోనియా, అల్కలినిటీ కొలిపించండి. సముద్రం ఊళ్ళో ఒక అమావాస్య నుంచి తర్వాతి అమావాస్య దాకా పంపింగ్ స్టేషన్‌లో కండక్టివిటీని గంటగంటకూ రాయించండి, పక్కనే పోటు సమయాలు కూడా. ఆ రెండు కాగితాలు చేతికొచ్చాక ఇక్కడే పెట్టండి. అంకెలు చూసి ఏ ఊరికి ఏం మార్చాలో విడివిడిగా రాస్తాను.